సముద్రం పోగొట్టుకున్న ఊరు: లోస్పితాలెట్ నడకలు

శనివారం

విమానాశ్రయం నుంచి బార్సిలోనాకు వెళ్ళేవాళ్ళు ఎక్కువగా బస్సెక్కి నగరం నడిబొడ్డున దిగుతారు. నేను మెట్రో తొమ్మిదో లైను ఎక్కాను. 2016లో మొదలైన ఈ భాగం నడిబొడ్డు జోలికే పోదు, శివార్లను చుట్టుకుంటూ వెళ్తుంది. డ్రైవరు లేని రైలు కావడంతో పిల్లలు ముందు అద్దానికి ముఖం ఆనించి సొరంగం చూస్తుంటారు. వాళ్ళ వెనకే నేనూ నిలబడ్డాను. తొర్రాసా స్టేషన్‌లో దిగి ఎస్కలేటర్ల మీద పైకి వచ్చేసరికి మా పిన్ని కూతురు ఎదురుగా ఉంది. ఇక్కడి బెల్వీజె వైద్య ప్రాంగణంలో ఎమ్మెస్సీ చదువుతోంది.

"అక్కా, ముందే చెబుతున్నాను. ఇంట్లో లిఫ్టు లేదు. ఐదో అంతస్తు. సూట్‌కేసు నాకివ్వు, నువ్వు మెట్లు లెక్కపెట్టకుండా ఎక్కు" అంది.

లెక్కపెట్టకుండానే ఎక్కాను గానీ మూడో అంతస్తులో గోడకు ఆనుకుని కాసేపు ఆగక తప్పలేదు.

తొర్రాసా బార్సిలోనాలో భాగం కాదు. లోస్పితాలెట్ దె ల్యోబ్రెగాట్ అనే వేరే మునిసిపాలిటీలోది. స్పెయిన్‌లోని కాటలోనియా ప్రాంతానికి జనాభాలో బార్సిలోనా తర్వాత ఇదే రెండో నగరం. మొత్తం విస్తీర్ణం 12.4 చదరపు కిలోమీటర్లు, అందులో 2,70,000 మందికి పైగా ఉంటున్నారు. ఇంత పెద్ద ఊరి పేరు బార్సిలోనా చూసి వెళ్ళే యాత్రికుల్లో చాలామంది చెవిన పడదు. పడకపోవడానికి కారణం ఉంది. రెండు నగరాల మధ్య ఖాళీ జాగా అంటూ ఏదీ లేదు. రియెరా బ్లాంకా అనే వీధికి ఈ పక్క ఇళ్ళు లోస్పితాలెట్‌వి, ఎదుటి పక్క ఇళ్ళు బార్సిలోనావి. వీధి దాటితే మారేవి చెత్తడబ్బాల మీది మునిసిపల్ ముద్ర, చిరునామాలోని ఊరి పేరు. అద్దె కూడా కాస్త మారుతుందట. మా చెల్లి ఈ పక్కన ఉండడానికి కారణం అదే.

సామాను పెట్టేసి కోల్‌బ్లాంక్ మార్కెట్‌కు వెళ్ళాం. శనివారం పొద్దున కావడంతో అడుగు పెట్టడానికి సందు లేదు. ఉప్పులో ఎండబెట్టిన కాడ్ చేపల పలకలు వేలాడుతున్న కొట్టు ఒకటి. దాని పక్కనే ఉడకబెట్టిన పప్పుధాన్యాలు తూకానికి అమ్మే కొట్టు: శనగలు, తెల్ల చిక్కుడు గింజలు, మసూర్లు, అన్నీ పొగలు కక్కుతూ స్టీలు తొట్లలో ఉన్నాయి. ఇంట్లో నానబెట్టి ఉడికించే తీరిక లేనివాళ్ళు అరకిలో కట్టించుకుని పోతారు. ఈ సౌకర్యం మన ఊళ్ళలో ఎవరూ ఎందుకు మొదలుపెట్టలేదో నాకు అర్థం కాదు. ముందు వరసలో ఉన్న పెద్దావిడ కొట్టతనితో స్పానిష్‌లో బేరమాడుతుంటే, వెనకాల ఇద్దరు అమ్మాయిలు వేరే యాసలో అదే స్పానిష్ మాట్లాడుకుంటున్నారు. పెద్దావిడది అండలూసియా అనీ, అమ్మాయిలది డొమినికన్ రిపబ్లిక్ అనీ మా చెల్లి చెవిలో చెప్పింది. కొట్టుమీద బోర్డేమో ఈ ప్రాంతపు సొంత భాష కాటలాన్‌లో ఉంది.

తొర్రాసా, కోల్‌బ్లాంక్ పేటలు పుట్టిందే వలసవల్ల. 1920లలో బార్సిలోనాలో మెట్రో సొరంగాలు తవ్వుతున్నారు, మొంజుయిక్ కొండమీద 1929 అంతర్జాతీయ ప్రదర్శనకు భవనాలు కడుతున్నారు. గడ్డపార పట్టే చేతులు కావాలి. అవి దక్షిణాన ముర్సియా, అల్మెరియా ప్రాంతాల నుంచి వచ్చాయి. అక్కడ గనులు మూతబడుతున్నాయి, పొలాలకు వాన లేదు. రెండు రోజులు కుదిపేసుకుంటూ వాళ్ళను తెచ్చిన బస్సుకు దరిద్రపు బండి అనే అర్థం వచ్చేలా వెటకారపు పేరు కూడా పెట్టారు. బార్సిలోనాలో అద్దె కట్టలేని వాళ్ళు సరిహద్దు దాటి ఈ గుట్టమీద గదులు కట్టుకున్నారు. కాటలోనియా ఇక్కడితో అయిపోయింది, ఇక మీదట ముర్సియా అని ఎవరో ఇక్కడ బోర్డు పెట్టారని ఇప్పటికీ చెప్పుకుంటారు. నిజంగా పెట్టారో లేదో గానీ, ఆ మాట మాత్రం తొంభై ఏళ్ళుగా బతికి ఉంది.

అప్పటి ఇళ్ళు ఇంకా కొన్ని మిగిలాయి. పెద్దవీధిలోంచి సన్నటి సందులు లోపలికి వెళ్తాయి. వాటికి రెండు పక్కలా ఒకే అంతస్తు ఇళ్ళు, గుమ్మం ముందు పూలకుండీలు, తాడుమీద బట్టలు. సందు చివర గోడ. దాని వెనక ఆరంతస్తుల భవనం లేస్తుంది. ఈ పేటలోని కూలీల్లో, ప్రభుత్వమే అక్కర్లేదనే అరాచకవాద కార్మిక సంఘానికి, అంటే సీఎన్‌టీకి, గట్టి పట్టు ఉండేది. ఆ సంఘం చరిత్రను తర్వాత గ్రంథస్థం చేసిన జోసెప్ పెయ్రాట్స్ ఈ వీధుల్లో పెరిగినవాడే, ఇటుకబట్టీల్లో పనిచేసినవాడు. 1933 డిసెంబరు తిరుగుబాటులో కొద్ది రోజులపాటు ఊరు ఆ సంఘంవాళ్ళ చేతుల్లోనే ఉంది.

మధ్యాహ్నం భోంచేసి నడుం వాల్చానో లేదో, కింద వీధిలో ఇనుము మీద ఇనుము మోగింది. బాల్కనీలోంచి తొంగిచూశాను. నారింజరంగు గ్యాస్ సిలిండర్లు పేర్చిన తోపుడుబండి, దాని పక్కన ఒక కుర్రాడు. చేతిలోని ఇనపముక్కతో సిలిండరును టంగు టంగుమని కొట్టి, తల పైకెత్తి చూస్తున్నాడు. ఎదుటి భవనం నాలుగో అంతస్తు కిటికీలోంచి ఒక చెయ్యి బయటికొచ్చి వేలు చూపించింది. ఒకటి. కుర్రాడు సిలిండరును భుజానికెత్తుకుని లోపలికి పోయాడు. అందులో గ్యాసే పన్నెండున్నర కిలోలు, ఇనుము బరువు వేరే. ఆ భవనానికీ లిఫ్టు లేదు. ఈ పని చేసేవాళ్ళలో చాలామంది పాకిస్తాన్ నుంచి వచ్చినవాళ్ళట. 1925లో ముర్సియావాడు ఎక్కిన మెట్లనే ఇప్పుడు పంజాబీ కుర్రాడు ఎక్కుతున్నాడు. ఇళ్ళు అవే, వచ్చేవాళ్ళే మారుతున్నారు.

ఆదివారం

పాత ఊరు చూడాలంటే పడమరగా వెళ్ళాలి. రాంబ్లా జుస్ట్ ఒలివేరాస్ అనే చెట్ల బాట నుంచి కాస్త లోపలికి నడిస్తే షిప్రెరెట్ వీధి వస్తుంది. రాతి చట్రాల కిటికీలు, వంపు తలుపులు ఉన్న పదహారు, పదిహేడో శతాబ్దాల ఇళ్ళు ఒక వరసలో ఉన్నాయి. వీధి మొత్తం నడవడానికి అయిదు నిమిషాలు చాలు. పాత ఊరంతా దాదాపు ఇంతే. మధ్యయుగంలో బార్సిలోనాకు వెళ్ళే బాటసారుల కోసం ఇక్కడ ఒక సత్రం ఉండేది, ఊరికి పేరు దానివల్లనే వచ్చింది. శాంతా యులాలియా చర్చి 1936లో స్పెయిన్ అంతర్యుద్ధం మొదలైన రోజుల్లో తగలబడింది. ఇప్పుడున్నది తర్వాత కట్టినది. నాకు అంత నచ్చలేదు. వీధిలో ఒకచోట కావలి బురుజు కనిపించింది. అది ఇక్కడిది కాదట, వేరేచోట రోడ్డుకు అడ్డమైతే రాళ్ళు ఊడదీసి తెచ్చి మళ్ళీ పేర్చారట. బురుజును కూడా వలస పంపిన ఊరు ఇది!

ఈ ఊరి నైసర్గిక స్వరూపం అర్థం చేసుకోవడానికి షిప్రెరెట్ వీధే మంచి చోటు. ఉత్తరంగా నేల పైకి లేస్తుంది. దాన్ని సమొంతా అంటారు: ఎర్రమట్టి గుట్టలు, వర్షాధారం, ఒకప్పుడు ద్రాక్షతోటలూ గోధుమలూ. దక్షిణంగా నేల పల్లానికి దిగి చదునైపోతుంది. దాన్ని మరీనా అంటారు. ల్యోబ్రెగాట్ నది వేల ఏళ్ళుగా తెచ్చి పోసిన ఒండ్రు, బురద, మడుగులు. పాత ఊరు ఈ రెండింటి అంచున, వరద అందనంత ఎత్తులో, పొలానికి దూరం కానంత దగ్గరలో కూర్చుంది.

1819లో ఇన్‌ఫాంతా కాలువ వచ్చింది. ఎగువన మొలీన్స్ దె రేయ్ దగ్గర ల్యోబ్రెగాట్ నీటిని మళ్ళించి ఎడమ గట్టు పొలాలకు పారించారు. కాలువ కింద ఊళ్ళో పెరిగినదాన్ని కాబట్టి, నీరు వచ్చాక ఊరి బతుకు ఎలా మారుతుందో నాకు ఎవరూ చెప్పక్కర్లేదు. కూరగాయలు పండాయి, పక్కనే బార్సిలోనా సంత ఉంది. కాలువ నీటి వరస చూసుకుని తర్వాత బట్టల మిల్లులూ వచ్చాయి. 1854లో బార్సిలోనా నుంచి మొలీన్స్ దె రేయ్‌కు రైలుమార్గం వేశారు, 1881లో సముద్రం వైపు విలనోవాకు మరొకటి, 1912లో కారిలెట్ అని పిలుచుకునే సన్నపట్టాల రైలు. ఈ మూడూ ఊరిని కోసుకుంటూ పోయాయి. కారిలెట్‌ను తర్వాత భూమిలోకి దించారు. మిగతా రెండూ ఇంకా పైనే నడుస్తున్నాయి. వాటిని కూడా పూడ్చాలని దశాబ్దాలుగా అడుగుతూనే ఉన్నారు. ఇవాళ పొద్దున కంటికి ఎదురుగా ఉన్న వీధికి చేరడానికి వంతెన వెతుక్కుంటూ చుట్టూ తిరిగి వెళ్ళాల్సి వచ్చింది.

ఇంత జరిగినా 1900 నాటికి ఊరి జనం అయిదు వేలు మాత్రమే.

ఇప్పుడు సముద్రం సంగతి. ఒకప్పుడు లోస్పితాలెట్ పొలిమేర మధ్యధరా తీరందాకా ఉండేది. మొంజుయిక్ కొండకు, నది ముఖద్వారానికి మధ్య ఉన్న మరీనా ఈ ఊరిదే. బార్సిలోనాకు పన్నులు లేని స్వేచ్ఛారేవు కావాలనిపించింది. 1920లో దానికోసం సుమారు 900 హెక్టార్లు తీసుకుని బార్సిలోనాలో కలిపేశారు. ఊరి విస్తీర్ణంలో చాలా పెద్ద ముక్క అది. దానితోపాటు తీరమంతా పోయింది. అనుకున్న రేవు అనుకున్నట్టు రాలేదు. ఆ పొలాలు చాలాకాలం పొలాలుగానే ఉండి, చివరికి జోనా ఫ్రాంకా పారిశ్రామికవాడ అయ్యాయి. 1953లో సియాట్ కార్ల కర్మాగారం అక్కడే తెరిచారు. తీరం పోయిన అయిదేళ్ళకు, 1925లో, పదమూడో అల్ఫోన్సో రాజు లోస్పితాలెట్‌కు నగరం అనే బిరుదు ఇచ్చాడు. సముద్రం తీసుకుని కాగితం చేతిలో పెట్టారన్నమాట.

మధ్యాహ్నం రాంబ్లాలో జనం బల్లల చుట్టూ చేరారు. ఆదివారం భోజనానికి ముందు వెర్మూత్ అనే మూలికల వైన్ తాగడం ఇక్కడ ఆచారం. పక్కన ఆలివులు, బంగాళదుంప చిప్సు. ఒక్కో గ్లాసు మీద గంటసేపు కబుర్లు చెప్పుకోగలరు. నేను ఆలివులతో సరిపెట్టుకున్నాను.

సోమవారం

మా చెల్లి తరగతులకు వెళ్ళింది. ఒక్కదాన్నే సమొంతా ఎక్కాను, అంటే ఫ్లోరిదా, పుబిల్యా కాజెస్, కన్ సెర్రా పేటలు. పటంలో చదునుగా కనిపించే వీధులు కాళ్ళకిందికి వచ్చేసరికి నిటారుగా లేచాయి. ఈ మట్టి ఇటుకకు బాగా పనికొస్తుంది. అందుకే ఇక్కడంతా ఒకప్పుడు బట్టీలుండేవి. గుట్టలు తవ్వి ఇటుకలు కాల్చి బార్సిలోనాకు పంపారు, మిగిలిన గోతుల్లోనూ మిట్టల్లోనూ తర్వాత అపార్టుమెంట్లు లేచాయి.

ఫ్లోరిదా బ్లాకుల కథ 1952తో మొదలవుతుంది. ఆ ఏడాది బార్సిలోనాలో యూకరిస్టిక్ కాంగ్రెస్ అనే కాథలిక్కుల అంతర్జాతీయ మహాసభలు జరిగాయి. దేశదేశాల నుంచి వచ్చే మతపెద్దల కంటబడకూడదని ప్రధాన రహదారి పక్కనున్న గుడిసెలు పీకించారు. నియంత ఫ్రాంకో ప్రభుత్వం నడిపిన కార్మిక సంఘపు గృహనిర్మాణ విభాగం 1950ల మధ్యలో ఈ గుట్టమీద ఎనిమిది వందలకు పైగా ఇళ్ళు హడావుడిగా కట్టి గుడిసెలవాళ్ళకు ఇచ్చింది. వాటికి ఫాలాంజ్ అనే ఫాసిస్టు పార్టీ నాయకుడొకడి పేరు పెట్టారు. ఆ పేరు ఇప్పుడు ఎవరికీ అక్కర్లేదు, ఫ్లోరిదా బ్లాకులు అంటే చాలు. గదులు ఎంత చిన్నవంటే కుర్చీలు బయటే ఉంటాయి. బ్లాకుల మధ్య చౌకు ఎండలో పది పన్నెండు మంది ముసలివాళ్ళు కూర్చుని ఉన్నారు. అక్కడే నలుగురు ఆడపిల్లలు తాడాట ఆడుతున్నారు. గోడమీద బాల్కనీలన్నిటికీ ఆకుపచ్చ గుడ్డ తెరలు. కొన్ని కొత్తవి, కొన్ని ఎండకు వెలిసి బూడిదరంగుకు తిరిగినవి.

ఆ తర్వాత కట్టినవాటికి ఈపాటి చౌకు కూడా లేదు. 1930లో 37 వేలున్న జనాభా 1960కి 1,23,000 అయ్యింది, 1970కి 2,42,000. పదేళ్ళలో రెట్టింపు! 1981లో 2,94,000కు చేరింది. అండలూసియా, ఎక్స్‌త్రెమదూరా, అరగాన్, గలీసియా, ఎక్కడెక్కడి నుంచో వచ్చారు. ఇళ్ళు కట్టినవాళ్ళకు అడ్డు చెప్పేవాళ్ళు లేరు. అప్పటి మునిసిపాలిటీని ఎన్నుకున్నది ప్రజలు కాదు. నాలుగు మీటర్ల సందుకు రెండు పక్కలా ఆరేసి అంతస్తులు లేపారు. బడికి స్థలం వదలలేదు, పార్కు మాటే లేదు. ఐరోపా మొత్తంమీద జనం అత్యంత చిక్కగా ఉన్న చోట్లలో ఈ గుట్ట ఒకటి. పటాల్లో ఈ విషయం చదివినప్పుడు ముంబై లాంటి రద్దీ ఊహించుకున్నాను. నిజానికి మధ్యాహ్నం మూడింటికి వీధి ప్రశాంతంగా ఉంది. జనమంతా పైన అంతస్తుల్లో ఉన్నారు, లేకపోతే పనిలో ఉన్నారు. సాయంత్రం బడి వదిలే వేళకు గానీ సాంద్రత అంటే ఏమిటో తెలియలేదు. కాలిబాట మీద ఎదురుగా వచ్చే పిల్లల బండికి దారి ఇవ్వాలంటే నేను రోడ్డు మీదికి దిగాలి, రోడ్డు మీద కారు ఆగాలి, దాని వెనక బస్సు ఆగాలి. ఎవరూ హారన్ కొట్టలేదు.

కన్ సెర్రాలో చూడాల్సినది ఒక మామూలు భవనం. సయోధ్య గృహం అని పేరు. 1970లలో పేటవాళ్ళే సెలవురోజుల్లో ఇటుకలు మోసి కట్టుకున్నారు. చర్చి, మీటింగు హాలు, రాత్రిబడి అన్నీ అందులోనే. ముందుండి నడిపించిన జౌమె బొతేయ్ పేటలోనే కాపురం పెట్టిన మతగురువు. 1975 క్రిస్మస్ రోజుల్లో, ఫ్రాంకో చనిపోయి నెల తిరిగీ తిరగకముందే, ఈ పేటలో కొందరు యువకులు సైన్యంలో చేరం, ఆ కాలమంతా ఇక్కడే ప్రజాసేవ చేస్తాం అని బహిరంగంగా ప్రకటించారు. నిర్బంధ సైనిక సేవను స్పెయిన్‌లో ఒక బృందంగా నిరాకరించడం అదే మొదలు. చిన్నపిల్లలకు బడి నడిపారు, ముసలివాళ్ళను చూసుకున్నారు. తర్వాతి సంవత్సరం మొదట్లోనే జైలుకు వెళ్ళారు. భవనం ముందు పెద్ద శిలాఫలకం ఏదైనా ఉంటుందనుకుని వెతికాను. తలుపు మీద యోగా తరగతుల వేళలు, ఉచిత స్పానిష్ పాఠాల వేళలు అంటించి ఉన్నాయి. నాకు శిలాఫలకం కన్నా అదే బాగుందనిపించింది.

ఎక్స్‌త్రెమదూరాలో పుట్టి ఇక్కడికి వలస వచ్చిన సెలెస్తీనో కొర్బాచో 1994 నుంచి 2008 వరకు ఈ నగర మేయరు. ఆ తర్వాత మాడ్రిడ్‌లో కార్మిక, వలసల శాఖ మంత్రి అయ్యాడు. ఆ శాఖకు ఇంతకన్నా తగిన ఊరు దొరకదు.

మంగళవారం

బెల్వీజె. మా చెల్లి రోజూ వెళ్ళేచోటు. మెట్రో ఒకటో లైనులో చివరి రెండు స్టేషన్లు. దిగగానే ఆకాశం కనిపించడం ఈ నాలుగు రోజుల్లో ఇదే మొదలు. వెడల్పైన పచ్చికబయళ్ళు, వాటిలో పదమూడేసి అంతస్తుల పలకల్లాంటి భవనాలు సమాంతరంగా నిలబడి ఉన్నాయి. నిన్న సందుల్లో నలిగి వచ్చినదాన్ని కాబట్టి ప్రాణం లేచొచ్చింది. "అందరూ దీన్ని చూసి వికారంగా ఉందంటారు. నువ్వేమో నవ్వుతున్నావు" అంది మా చెల్లి.

1960ల మధ్యలో మరీనా పొలాల్లో ఇది మొదలైంది. కాంక్రీటు పలకలు ముందే పోతపోసి తెచ్చి నిలబెట్టేవాళ్ళు, అందుకే నెలల్లో భవనం లేచేది. మొదటి కుటుంబాలు చేరేసరికి ఇళ్ళున్నాయి గానీ రోడ్డు లేదు, వీధిదీపం లేదు, బడి లేదు. మోకాలిలోతు బురదలో నడిచి, బస్సెక్కేముందు బూట్లు మార్చుకునేవాళ్ళట. 1971 సెప్టెంబరులో ల్యోబ్రెగాట్ పొంగి కింది అంతస్తుల్లోకి వచ్చింది. నది పోసిన నేల కదా, నది తిరిగి రావడంలో ఆశ్చర్యమేముంది. కట్టినవాళ్ళు మాత్రం ఆగలేదు. పార్కుకు వదలాల్సిన జాగాల్లో కూడా కొత్త బ్లాకులకు పునాదులు తవ్వడం మొదలుపెట్టారు. అప్పుడు కదిలారు జనం. మగవాళ్ళు ఫ్యాక్టరీల్లో ఉండే పగటివేళ ఆడవాళ్ళు యంత్రాలకు అడ్డంగా నిలబడ్డారు. ఇక బ్లాకులు వద్దు అన్నదే నినాదం. నియంతృత్వం ఇంకా పూర్తిగా పోని రోజులవి. ఊరేగింపు అంటే లాఠీలే. అయినా 1970ల మధ్యలో నిర్మాణాలు ఆగిపోయాయి. నేను ఇందాక మెచ్చుకున్న పచ్చికలో చాలా భాగం ఏ ఆర్కిటెక్టూ గీసింది కాదు, ఆ ఆడవాళ్ళు కట్టనివ్వకుండా ఆపిన ఖాళీ. మెట్రో రావడానికి మాత్రం 1989 దాకా ఎదురుచూడాల్సి వచ్చింది.

ఆ పచ్చికలో ఒక చిన్న గుడి లాంటిది ఉంది, బెల్వీజె మాత చర్చి. చుట్టూ ఇంత కాంక్రీటు రాకముందు, పొలాల మధ్య ఒంటరిగా ఉండేది. పక్కనే ఇసుకనేల మీద పెద్దవాళ్ళు పెతాంకా ఆడుతున్నారు. ఇనపగుండ్లను దొర్లించి చిన్న బంతికి ఎవరిది దగ్గరగా ఉందో తేల్చే ఆట ఇది. తేలనప్పుడు ఒకాయన జేబులోంచి టేపు తీసి కొలిచాడు. కొలిచాక కూడా ఎదుటాయన ఒప్పుకోలేదు. టేపు పాతదైపోయి సాగిందన్నాడు! మేం పావుగంట నిలబడినా ఆ తగువు తెగలేదు.

ఈ పేటలో సుమారు 25,000 మంది ఉంటారు. చివర ఆసుపత్రి. 1972లో తెరిచారు. స్పెయిన్‌లో మొట్టమొదటి కాలేయ మార్పిడి శస్త్రచికిత్స 1984 ఫిబ్రవరిలో ఇక్కడే జరిగింది. మా చెల్లి ఆ విషయం తానే చేసినంత గర్వంగా చెప్పింది. మధ్యాహ్నం క్యాంటీన్‌లో శనగలూ పాలకూరా కలిపిన కూర తిన్నాం. కారం లేదన్న మాటే గానీ రుచిగా ఉంది.

ఆసుపత్రి వెనక్కి నడిస్తే అకస్మాత్తుగా పొలాలు. కల్ త్రబాల్ అంటారు. 12.4 చదరపు కిలోమీటర్ల ఊరిలో సాగు మిగిలిన ఆఖరి చోటు ఇదే. ఫిబ్రవరి చివర కాబట్టి ఆర్టిచోకులు కోతకు ఉన్నాయి. మోకాలెత్తు మొక్కలు, బూడిదరంగు రంపపు ఆకులు, నడిమధ్యన పిడికిలంత మొగ్గ. ఆ మొగ్గనే కూర వండుతారు. కాలువ గట్టుమీద నడుస్తుంటే తడిమట్టి వాసన వచ్చింది. తలెత్తితే ఒక పక్క హైవే వంతెన, ఇంకో పక్క ఆసుపత్రి టవరు. దీనిమీద కూడా ఎప్పటికప్పుడు ఏదో ఒక నిర్మాణ ప్రణాళిక వస్తూనే ఉంటుందట. కాపాడుకోవడానికి ఊరివాళ్ళు ఒక వేదిక పెట్టుకున్నారు. నన్నడిగితే ఒక్క ఇటుక కూడా పెట్టనివ్వను. కానీ నిన్న ఫ్లోరిదాలో చూసిన గదుల్లో ఉంటున్నవాళ్ళకు కొత్త ఇల్లు అంటే ఏమిటో నాకు తెలియదు కదా అని కూడా అనిపించింది.

బుధవారం

పొద్దున టెక్లా సాలాకు వెళ్ళాను. టెక్లా సాలా అనే వ్యాపారవేత్త నడిపిన నూలుమిల్లు అది. ఇప్పుడు గ్రంథాలయం, కళాకేంద్రం. ఇటుకగోడలు అలాగే ఉంచి, యంత్రాలుండేచోట చదువుకునే బల్లలు వేశారు. పరీక్షల పిల్లలతో నిండి ఉంది.

అక్కడి నుంచి గ్రాన్ వియా. చిన్నప్పటి నుంచీ చూసినవాళ్ళకు ఇది ఊరిని చీల్చిన హైవే. ఈ శతాబ్దం మొదట్లో కొంతమేర రోడ్డును పల్లానికి దించి, అంచుల్లో వీధులూ మొక్కలూ పెట్టి, యూరప్ కూడలి చుట్టూ టవర్లు నిలబెట్టారు. జపాన్ ఆర్కిటెక్టు తొయో ఇతో గీసిన జంట టవర్లలో ఎర్రది మెలితిరిగి పైకి పోతుంది, అది హోటలు. ఎదురుగా ఫ్రాన్సుకు చెందిన జాన్ నువెల్ హోటలు, తాటాకు ఆకారపు కిటికీలతో. ఇంకాస్త తూర్పున డేవిడ్ చిప్పర్‌ఫీల్డ్ న్యాయస్థానాల సముదాయం రెండు నగరాల సరిహద్దు మీదే కూర్చుంది. ఈ పక్క కేసులు, ఆ పక్క కేసులు ఒకే చోట! అందంగా లేవని అనను. కానీ ఆ కూడలిలో అరగంట కూర్చున్నా నాకు ఒక్క పిల్లాడూ కనిపించలేదు, ఒక్క తాడుమీద బట్టా కనిపించలేదు.

కనిపించింది మెడలో కార్డులు వేసుకున్న జనం. ఫీరా గ్రాన్ వియా ప్రదర్శనశాలలో మొబైల్ వరల్డ్ కాంగ్రెస్ అనే మొబైల్ ఫోన్ల పరిశ్రమ సభ జరుగుతోంది. 2013 నుంచి, రద్దైన 2020 తప్ప, ప్రతి ఏటా ఇక్కడే. కాలిబాట మీద ఇద్దరు కుర్రాళ్ళు తెలుగులో హోటలు ధరలు తిట్టుకుంటూ వెళ్తుంటే పలకరించాను. హైదరాబాదు నుంచి కంపెనీ తరఫున వచ్చారట. "బార్సిలోనాలో ఎన్నాళ్ళుంటారు మేడమ్?" అని అడిగారు. మీరు ఇప్పుడు నిలబడ్డది బార్సిలోనా కాదండీ అన్నాను. మర్యాదగా నవ్వి, ఫోను తీసి పటం చూసుకున్నారు. నిజమే అన్నారు. పాపం వాళ్ళ తప్పేముంది, సభ బోర్డుల మీద ఎక్కడ చూసినా బార్సిలోనా అనే ఉంది.

సాయంత్రం మా చెల్లి వచ్చాక, పోయిన తీరం దాకా నడిచి చూద్దామన్నాను. గ్రాన్ వియా దాటి జోనా ఫ్రాంకా వైపు వెళ్ళాం. గోదాముల గోడలు, లారీలు, కంచె, మళ్ళీ గోడ. కాలిబాట ఒకచోట హఠాత్తుగా ఆగిపోయింది. ఉప్పుగాలి తగులుతోంది, నీరు మాత్రం కనబడదు. రేవు, కంటైనర్లు అడ్డం.

"ఇటు దారి లేదక్కా" అంది మా చెల్లి. "ఎండాకాలం వస్తే మేమంతా బెల్వీజెలో రైలెక్కి కాస్తెల్దెఫెల్స్ బీచికి పోతాం. మధ్యలో ఊళ్ళు దాటాలి గానీ, ఇసుక బాగుంటుంది. ఆదివారం మాత్రం పొద్దున్నే ఎక్కాలి, తొమ్మిది దాటితే ఈ ఊరు మొత్తం ఆ రైల్లోనే ఉంటుంది."